సాంబారు బకెట్టుకు చెయ్యి అడ్డం పెట్టడం ఎలా మానాను

డిగ్రీ రెండో ఏడు. హాస్టల్లో సగం అన్నం తిన్నాక గరిటెలో ములక్కాడ ముక్కతో పాటు బొద్దింక వచ్చింది. రాత్రంతా వాంతులు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు సాంబారు ముట్టలేదు. అత్తయ్య సాంబారు పెట్టిన రోజు డాబా మీదికి వెళ్ళిపోయేదాన్ని. నాలుగేళ్ళ మా పాప నన్ను చూసి నేర్చుకుని, సాంబారు దగ్గర ముక్కు మూసుకుని "ఛీ" అన్న రోజు ఏడుపొచ్చింది. అప్పుడే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. అక్కడ నేర్చుకున్నది నాలాంటివాళ్ళ కోసం రాస్తున్నాను.

ఈ రోత నచ్చజెపితే పోయేది కాదు. 1986లో అమెరికాలో పాల్ రోజిన్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు క్రిములు లేకుండా శుద్ధి చేసిన చచ్చిన బొద్దింకను పళ్ళరసంలో ముంచి తీసి చూపించారు. హాని లేదని తెలిసినా చాలామందికి ఆ రసం సహించలేదు. కాబట్టి "ఇంట్లో చేసిందే కదా, తిను" అని ఎవరన్నా అంటే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ముందు కాగితం మీద మెట్లు రాసుకోండి. ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా రోత ఎంతో అంకె వేయండి. నావి ఇవి: సాంబారు పొడి డబ్బా మూత తీయడం 3, మరుగుతుంటే వంటింట్లో నిలబడడం 5, వేలు ముంచడం 8, ముద్ద మింగడం 10. తక్కువ అంకె దగ్గర మొదలుపెట్టండి.

అసలు కష్టం తప్పించుకునే దారులు మూసేయడంలో ఉంది. ముక్కుకు కొంగు, నోరు పుక్కిలించడం, గరిటెతో కలియబెట్టి వెతకడం, ఇవన్నీ మానాలి. వేలు ముంచిన రోజు గోరు చుట్టూ పచ్చటి నూనె అంటుకుంది. గిన్నె అంచున చింతపండు తొక్క ఒకటి, పల్చగా, గోధుమరంగులో, అచ్చం రెక్కలా ఉంది. డోకు వచ్చింది. చెయ్యి తుడుచుకోబోతే సైకాలజిస్టు వద్దన్నారు. "తొక్కేనని సర్దిచెప్పుకోకండి, చూస్తూ ఉండండి" అన్నారు. ఇరవై నిమిషాలకు 8 కాస్తా 6 అయింది. అంతే. భయమైతే ఇంకా త్వరగా దిగుతుంది, రోత మొండిది. ఆ ఒక్క మెట్టు మీదే పదకొండు రోజులున్నాను. మీకు ఇంకా ఎక్కువ పట్టినా పని జరగట్లేదని అనుకోకండి.

దీంతో పాటు సాంబారుకు కొత్త జ్ఞాపకం జత కలపాలి. రోజూ సాయంత్రం పాప, నేను కబుర్లు చెప్పుకుంటూ చిన్నుల్లిపాయలు వలిచేవాళ్ళం, పక్కనే సాంబారు మరిగేది. పాత జ్ఞాపకం చెరగదు, దాని పక్కన కొత్తది బలపడుతుంది. ఇంట్లో కుదిరాక హోటల్లో, పక్కింట్లో కూడా చేయండి. లేకపోతే ఇంటి గిన్నెకే పరిమితమైపోతుంది.

నిజంగా పాడైన తిండి మీద రోత మనల్ని కాపాడేదే, దాని జోలికి పోవద్దు. గంటల తరబడి చేతులు కడుగుతున్నా, బరువు తగ్గుతున్నా, రోత వెనక బలవంతం లాంటి గతం ఉన్నా ఒంటరిగా ప్రయత్నించకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు.

పోయిన నెల చుట్టాలింట్లో పెళ్ళి. బంతిలో బకెట్టు నా దాకా వచ్చింది. రోత 4 ఉంది. విస్తరి మీద చెయ్యి పెట్టలేదు. "ఒక గరిటె చాలు బాబూ" అన్నాను. వెతక్కుండానే కలుపుకున్నాను.