అమెరికాలోనే ఉండాలా, ఇంటికి వచ్చేయాలా: ముందు ఇవి చూసుకోండి

లేఆఫ్ వార్త విన్న రాత్రి మాత్రం ఈ నిర్ణయం తీసుకోకండి. ముందు ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ మీ తరఫున వేసే పిటిషన్) అప్రూవల్ నోటీసు తీసి, అందులోని ప్రయారిటీ డేట్‌ని, అంటే గ్రీన్ కార్డ్ లైనులో మీ స్థానం చెప్పే తేదీని, ఈ నెల వీసా బులెటిన్‌లో (ఏ తేదీల వాళ్ల వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే పట్టిక) ఇండియా వరుసతో పోల్చి చూడండి. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉన్నంతకాలం మన లైను తొందరగా కదలదు. వెనక్కి వచ్చేసినా ఆ డేట్ మామూలుగా మీకే ఉంటుంది, అది పెద్ద ధైర్యం.

నన్నడిగితే అసలు లెక్క పిల్లల వయసు. ఇండియాలో పుట్టి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య/భర్తకి, పిల్లలకి ఇచ్చే వీసా) మీద పెరిగిన అమ్మాయికి 21 నిండితే ఆ స్టేటస్ పోతుంది, అప్పుడు ఎఫ్-1 స్టూడెంట్ వీసా కోసం పరుగులు, పెళ్లీడు పిల్లకి కొత్త టెన్షన్.

సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పెన్షన్) రావడానికి కావాల్సిన 40 క్రెడిట్లకి, అంటే పదేళ్ల పనికి, దగ్గర్లో ఉంటే పూర్తి చేసుకుని రండి. 401కే (ఉద్యోగంలో దాచుకున్న రిటైర్మెంట్ ఖాతా) డబ్బు కంగారుగా తీయకండి, 59½ ఏళ్లలోపు అయితే సాధారణంగా టాక్స్‌తో పాటు 10 శాతం పెనాల్టీ.

అమ్మానాన్నలు ఫోన్‌లో "బాగానే ఉన్నాం" అంటారు, వాళ్ల డాక్టర్‌తో మీరే మాట్లాడండి.