జీడిచెట్టు మొదట్లో పొట్టు కనిపిస్తే

శ్రీకాకుళం జిల్లా పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు కాపుకొచ్చిన జీడిచెట్టును నిలువునా చంపేది కాండం, వేరు తొలిచే పురుగు. ఆకులు పసుపు పడ్డాక చేసే వైద్యం దాదాపు వృథా. అప్పటికే బెరడు కింద ఆహారం దిగే దారి తెగిపోయి ఉంటుంది. అందుకే కొమ్మల వైపు కాదు, మొదలు వైపు చూడాలి.

తల్లిపురుగు పొడవాటి మీసాలున్న ఎర్రగోధుమ రంగు పెంకుపురుగు. నేల నుంచి మీటరు ఎత్తులోపు బెరడు పగుళ్లలో, పైకి తేలిన వేళ్ల మీద గుడ్లు పెడుతుంది. డిసెంబరు నుంచి మే దాకా ఈ బెడద ఎక్కువ. జీడిపిక్కలు ఏరడానికి ఎలాగూ చెట్టు కిందికి వెళ్తారు కాబట్టి, మొదట్లోని ఎండాకులు పక్కకు లాగి చూడండి. సన్నటి రంధ్రం, దాని కింద జిగురు కలిసిన రంపపు పొట్టు కనిపిస్తే పురుగు లోపల ఉన్నట్టే.

చిన్న ఉలితో ఆ చోట బెరడు ఎత్తి, సొరంగం వెంటే వెళ్లండి. పాత పొట్టు నల్లగా గట్టిపడి ఉంటుంది, తాజాది లేతరంగులో తడిగా ఉంటుంది. తాజా పొట్టు ఉన్న వైపే తవ్వాలి. సొరంగం వేరులోకి దిగితే మట్టి తీసి వెంబడించండి. తెల్లటి పురుగు ఒకటి దొరికిందని ఆగిపోవద్దు, ఒకే చెట్టులో చిన్నా పెద్దా పురుగులు చాలా ఉంటాయి. కత్తితో చుట్టూ బెరడు చెక్కేయడం మాత్రం పెద్ద పొరపాటు. చెట్టు ఆ గాయానికే చస్తుంది.

పురుగులు తీశాక లీటరు నీటికి 50 మి.లీ. వేపనూనె, 5 గ్రా. సబ్బుపొడి కలిపి మొదలు మీటరు ఎత్తు వరకు, బయటికి కనిపించే వేళ్లకు పూయండి. ముందు నూనెలో సబ్బు కలిపి, ఆ తర్వాత నీళ్లు పోయాలి. లేకపోతే నూనె పైకి తేలిపోతుంది. చెట్టుకు సున్నంతో గుర్తు పెట్టి, పదిహేను రోజులకు మళ్లీ చూడండి. తాజా పొట్టు రాలుతుంటే పురుగు మిగిలిందన్నమాట, మళ్లీ ఉలి పట్టాల్సిందే.

బెరడు చుట్టుకొలతలో సగానికి పైగా పోయిన చెట్టు కోలుకోదు. దాన్ని వేళ్లతో సహా పెకలించి తోట బయటికి చేర్చాలి. 2018 తిత్లీ తుపాను లాంటి గాలులకు పడిన చెట్లదీ ఇదే సంగతి. వంటచెరకుకని మోడును తోటలోనే ఉంచితే, దాని లోపల గూడు కట్టుకున్న పురుగులు పెంకుపురుగులై బయటికొచ్చి పక్కచెట్ల మీద గుడ్లు పెడతాయి.