కణం సైజు తేడా వస్తోందా? ఎన్ని రెట్లు తేడానో చూడండి

మైక్రోస్కోప్ కింద కణాన్ని కొలిచాక జవాబు నమ్మేలా లేకపోతే టెన్షన్ పడి లెక్కంతా కొట్టేయకండి. ఉండాల్సిన సైజుకూ మీకు వచ్చినదానికీ ఎన్ని రెట్లు తేడా ఉందో చూడండి. చాలాసార్లు అక్కడే కారణం దొరికిపోతుంది. పోల్చుకోవడానికి మూడు కొలతలు గుర్తుంచుకోండి: మన ఎర్ర రక్తకణం వ్యాసం సుమారు 7.5 మైక్రోమీటర్లు, బుగ్గ లోపలి పొర కణం 50–60, ఈ.కోలై బ్యాక్టీరియా పొడవు 2.

వెయ్యి రెట్ల తేడా

ఉల్లిపొర కణం పొడవు 0.3 మైక్రోమీటర్లు అని వచ్చిందనుకోండి. అంటే బ్యాక్టీరియా కన్నా చిన్నదన్నమాట! మిల్లీమీటర్లలో ఉన్న అంకెను మార్చకుండా యూనిట్ ఒక్కటే మార్చేశారు. 1 మిల్లీమీటరుకు 1000 మైక్రోమీటర్లు, 1 మైక్రోమీటరుకు 1000 నానోమీటర్లు. చిన్న యూనిట్‌లోకి దిగేటప్పుడు అంకె పెరగాలి. 0.3ని 1000తో గుణించండి, 300 వస్తుంది.

పది రెట్ల తేడా

మొదటి అనుమానం స్కేలు మీదే. సెంటీమీటర్లలో చదివి, మిల్లీమీటర్లనుకుని 1000తో గుణించి ఉంటారు. సెంటీమీటరుకు 10,000 మైక్రోమీటర్లు.

రెండోది, కనిపించే వలయం వెడల్పు. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మీద ఫీల్డ్ నంబర్ (ఐపీస్‌లోని వలయం వ్యాసం, మిల్లీమీటర్లలో) 18 అని ఉంటే దాన్ని ఆబ్జెక్టివ్ (స్లైడు వైపు ఉండే కటకం) అంకెతో మాత్రమే భాగించాలి. 40ఎక్స్‌కి 18 ÷ 40 = 0.45 మిల్లీమీటర్లు, అంటే 450 మైక్రోమీటర్లు. మొత్తం మాగ్నిఫికేషన్ (ఐపీస్ 10 × ఆబ్జెక్టివ్ 40) 400 కదా అని దానితో భాగిస్తే పదో వంతే వస్తుంది.

నాలుగు రెట్ల తేడా

అన్నిటికన్నా మోసం చేసేది ఇదే, ఎందుకంటే జవాబు అంత వింతగా కనిపించదు. 10ఎక్స్ నుంచి 40ఎక్స్‌కి మారినప్పుడు కణం పెద్దగా కనిపిస్తుంది. ఐపీస్‌లోని స్కేలు గీతలు మాత్రం అలాగే ఉంటాయి. 10ఎక్స్‌లో ఒక్కో గడి 10 మైక్రోమీటర్లయితే 40ఎక్స్‌లో అదే గడి 2.5 మాత్రమే. ఎర్ర రక్తకణం మూడు గడులు పట్టిందని, పాత విలువతో 30 అని రాసేస్తారు. నిజానికి 7.5.

ప్రతి ఆబ్జెక్టివ్‌కీ విడిగా సరిచూసుకోవాలి. స్టేజ్ మైక్రోమీటర్ స్లైడు మీద సాధారణంగా 1 మిల్లీమీటరును 100 భాగాలు చేసి ఉంటారు, భాగానికి 10 మైక్రోమీటర్లు. దాన్ని ఐపీస్ స్కేలుతో కలిపి, రెండు చోట్ల గీతలు సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడేలా చూసి, మధ్య రెండు స్కేళ్ల గడులూ లెక్కపెట్టండి. స్లైడు మీది మైక్రోమీటర్లను ఐపీస్ గడుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో గడి విలువ వస్తుంది. విలువ రాసి మైక్రోస్కోప్‌కే అంటించేయండి. అనుమానముంటే ఒకే కణాన్ని రెండు ఆబ్జెక్టివ్‌లతో కొలవండి. జవాబులు దాదాపు ఒకటే రావాలి.

ఏ లెక్కకూ అందని తేడా

బొమ్మ కింద “400 రెట్లు” అని చూసి, ఫోన్ తెర మీద స్కేలు పెట్టి కొలిచారా? జూమ్ చేయగానే ఆ 400కి అర్థం పోతుంది. బొమ్మలోనే ఉన్న స్కేల్ బార్‌తో (పొడవు రాసి ఉన్న గీతతో) పోల్చండి, అది కూడా బొమ్మతో పాటే పెరుగుతుంది.

రైబోజోమ్ కనిపించడమే లేదు

రైబోజోమ్ అంటే కణంలో ప్రోటీన్లు తయారుచేసే చిన్న రేణువు. అది కనిపించకపోవడం లెక్క తప్పు కాదు. మామూలు కాంతి మైక్రోస్కోప్ సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడివిడిగా చూపలేదు. రైబోజోమ్ 20–30 నానోమీటర్లే. ఐపీస్ మార్చినా లాభం లేదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాల్సిందే.