సైకిళ్లు వేలాడదీసే స్టాండు: ఎత్తు, దూరం మార్చుకునేలా

కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు చాలావరకు ఏఏసీ బ్లాకులే (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకలు). వాటిలో మామూలు యాంకర్ బోల్టు (బిగించేకొద్దీ రంధ్రంలో విచ్చుకుని పట్టుకునే బోల్టు) పట్టదు, కొన్నాళ్లకు వదులై ఊడొస్తుంది. కాబట్టి బరువంతా గోడ పైనున్న కాంక్రీటు బీము మీదే వేయాలి.

రెండు మీటర్ల స్లాటెడ్ యాంగిల్‌ను (పొడవునా స్లాట్లు, అంటే రంధ్రాలు ఉండే ఎల్ ఆకారపు ఇనుప బద్ద) బీము పక్కవైపున అడ్డంగా, 8 ఎంఎం యాంకర్ బోల్టులు నాలుగు పెట్టి బిగించాను. బీము అడుగు అంచుకు కనీసం 10 సెంటీమీటర్లు పైన రంధ్రం వేయాలి; కిందికి దిగితే కాంక్రీటు పెచ్చు లేస్తుంది, మెయిన్ రాడ్లు కూడా అక్కడే ఉంటాయి. డ్రిల్లు రాడ్డుకు తగిలి ఆగితే మొండిగా నొక్కొద్దు, పక్క స్లాటుకు జరగండి. ఈ యాంగిల్ వాడటంలో అసలు సుఖం అదే. రంధ్రంలో పొడి ఊది తీసేయకపోతే బోల్టు ఎంత తిప్పినా బిగుసుకోదు.

ఒక్కో సైకిల్‌కు 6 ఎంఎం వెల్డెడ్ గొలుసు, దాన్ని యాంగిల్ స్లాటుకు తగిలించే డి షాకిల్ (డి ఆకారపు ఇనుప కడియం), గొలుసుకు కింద 8 ఎంఎం ఇనుప కొక్కెం కావాలి. వెల్డింగ్ లేని గొలుసు కొనొద్దు, లింకులు విచ్చుకుంటాయి. కొక్కేనికి పాత ట్యూబు ముక్క తొడిగితే రిమ్ము గీసుకుపోదు.

ముందు చక్రం కొక్కేనికి తగిలించాలి. పెద్ద సైకిల్‌కు కొక్కెం నేల నుంచి సుమారు 180 సెంటీమీటర్లు. పక్కదాన్ని 20 సెంటీమీటర్లు పైకి మారిస్తే హ్యాండిళ్లు కొట్టుకోవు, మధ్యలో 40 సెంటీమీటర్లు చాలు. పిల్లల సైకిల్‌కు గొలుసు లింకులు కిందికి వదిలితే సరి. వెనక చక్రం ఊగకుండా గోడకు చిన్న పట్టీ కట్టాలి. దీనికి ఏఏసీ గోడైనా పర్లేదు, బరువు పడదు కదా.