మీ హైస్కూల్‌కి రెగ్యులర్ హెడ్మాస్టర్ లేరా? తల్లిదండ్రులు ఎలా అడగాలంటే

గుంటూరు దగ్గర్లో మా పిల్లలు చదివే జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టర్ రిటైరయ్యాక చాలా నెలలు ఇన్‌ఛార్జితోనే లాక్కొచ్చారు. ఇన్‌ఛార్జి అంటే టెన్త్‌కి లెక్కలు చెప్పే సారే, పాపం ఆయన జీతాల బిల్లులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎంఈఓ (మండల విద్యాశాఖ అధికారి) మీటింగులు అన్నీ చూసుకుంటా క్లాసుకి ఎప్పుడొస్తారు చెప్పండి, నష్టపోయింది మా పిల్లలే.

ముందు పద్ధతి తెలుసుకోండి. హైస్కూల్ హెడ్మాస్టర్ అంటే గ్రేడ్ 2 గెజిటెడ్ పోస్టు, స్కూల్ అసిస్టెంట్లకి సీనియారిటీ మీద ప్రమోషన్ ఇస్తారు, డిపార్ట్‌మెంటల్ టెస్టులు కూడా పాసై ఉండాలి. బడి నడపడం వచ్చా రాదా అని చూసే మెట్టు ఇందులో లేదు, నాకు బాధ అక్కడే. సీనియారిటీ వద్దని నేననను, అది పోతే సిఫార్సు లెటర్లదే రాజ్యం. సీనియారిటీ ఉండాలి, దాంతోపాటు చార్జ్ తీసుకునేలోపే ట్రైనింగ్ కూడా ఉండాలి.

ఇప్పుడు చెయ్యాల్సింది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. హెడ్మాస్టర్‌ని ఎంచుకునే అధికారం ఈ కమిటీకి లేదు కానీ బడి ఎలా నడుస్తోందో చూసే బాధ్యత ఉంది, కాబట్టి మీటింగ్‌లో పోస్టు ఖాళీ అయిన తేదీ, దానివల్ల ఆగిపోయిన క్లాసులు రాసి తీర్మానం చేయించండి, మినిట్స్ బుక్‌లో అందరి సంతకాలు పడాలి. నోటిమాటగా చెప్పొస్తే ఏ ఆఫీసులోనూ నిలబడదు.

తర్వాత డీఈఓ (జిల్లా విద్యాశాఖ అధికారి) ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, "మా బడికి హెడ్మాస్టర్‌ని ఎందుకు వెయ్యలేదు" అని రాస్తారు, ఎందుకు అనే ప్రశ్నకి ఏదో ఒకటి రాసి పంపించేస్తారు. కాగితాలు అడగండి: జిల్లాలో ఖాళీగా ఉన్న హెడ్మాస్టర్ పోస్టుల లిస్టు, ఇన్‌ఛార్జికి ఇచ్చిన ఆర్డర్ కాపీ, ఈ ఏడాది రిటైరయ్యే హెడ్మాస్టర్ల లిస్టు, తాజా సీనియారిటీ లిస్టు కాపీ. జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

ఆ కాగితాలు, తీర్మానం కాపీ పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కి, అంటే జనం అర్జీలు తీసుకునే కార్యక్రమానికి వెళ్లండి, గుంటూరులోనూ ఉంటుంది, విజయవాడలోనూ ఉంటుంది. నలుగురైదుగురు కలిసి వెళ్లండి, అమ్మలు ఉంటే ఇంకా మంచిది. రసీదు నంబర్ తీసుకోకుండా మాత్రం బయటికి రావద్దు.

అర్జీలో ఫలానా సారే కావాలని పేరు రాయొద్దు. పేరు రాశారంటే అది బడి సమస్య కాస్తా పార్టీల గొడవైపోతుంది, ఆ సారుకీ ఇబ్బందే. పద్ధతి మార్చమని అడగండి. ఎవరు ఏ నెలాఖరుకి రిటైరవుతారో ఆఫీసుకి ఏళ్ల ముందే తెలుసు కదా, ఆ ఖాళీకి ముందే ప్యానెల్, అంటే ప్రమోషన్‌కి అర్హులైన వాళ్ల లిస్టు, రెడీ చెయ్యమనండి, కొత్తగా వచ్చినాయన్ని ఏడాది తిరక్కుండానే కదపొద్దనండి. ప్రమోషన్ల ప్యానెల్ ఏడాది సెప్టెంబర్ 1న మొదలవుద్ది, బడులేమో జూన్‌లో తెరుస్తారు, అందుకని అర్జీ వేసవి సెలవులకి ముందే ఒకసారి, జూలైలో ఇంకోసారి పెట్టండి, రెండోసారి వెళ్లేటప్పుడు పాత రసీదు జెరాక్స్ జత చెయ్యండి.