ఇంట్లో చివరి రోజులు: నర్సు చూడాల్సినవి

మార్ఫిన్ (బలమైన నొప్పి మందు) మొదలైన రోజే డాక్టర్ని అడిగి విరేచనం సాఫీగా అయ్యే మందూ మొదలుపెట్టించాలి. మార్ఫిన్‌తో వచ్చే మలబద్ధకం ముదిరితే అదో కొత్త నొప్పి. నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా, రాసిచ్చిన వేళకే మోతాదు పడాలి. ఇచ్చిన టైము డబ్బా పక్కనే కాగితం మీద రాయించండి. రాత్రి చూసుకునే మనిషి మారినప్పుడే రెండోసారి ఇచ్చేస్తుంటారు.

మింగలేని స్థితిలో నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లోవాళ్లు ఎంత బతిమాలినా వద్దనండి. చిన్నపిల్లల మెత్తటి బ్రష్ తడిపి, నీళ్లు కారకుండా విదిలించి, చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపల నెమ్మదిగా తుడవడం నేర్పండి. వేలు పెట్టొద్దు, తెలియకుండానే పళ్లు బిగిస్తారు.

గొంతులో గురగుర మొదలైతే పక్కకు తిప్పి, తల కాస్త ఎత్తు చేయండి. గొంతులోకి లోతుగా పైపు వేసి తెమడ లాగితే బాధే ఎక్కువ. ఈ చప్పుడు వస్తుందని ముందే చెప్పి ఉంచకపోతే అర్ధరాత్రి అంబులెన్స్ పిలుస్తారు.