కడలి కింద జారే నేల – 4వ పాఠం: చేపల తొట్టిలో బురద పరుగు

వానాకాలంలో తిరుమల ఘాట్ రోడ్డు మీద బండ జారితే ఏ గోడకో తగిలి ఆగుతుంది, లేదా వాలు అయిపోయినచోట ఆగుతుంది. కడలి అడుగున జారిన మట్టి అలా ఆగదు. నీళ్ళతో కలిసి బురదనీరవుతుంది. చుట్టూ ఉన్న తేటనీటి కన్నా బరువు కాబట్టి, దాదాపు చదునుగా ఉన్న నేలమీద కూడా వందల కిలోమీటర్లు పోతుంది. ఈ వారం ఆ పరుగును ఇంట్లోనే కొలుద్దాం.

60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు ఉన్న చేపల తొట్టి చాలు. తొట్టి అడుగంతా ఆనేలా ఒక పలక మీద పెట్టి, ఆ పలకను ఒక చివర 4 సెం.మీ. ఎత్తండి. వాలు దాదాపు 4 డిగ్రీలు వస్తుంది. ఖండపు వాలు, అంటే ఖండం అంచునుంచి లోతు కడలి అడుగుకు దిగే వాలు, సగటున అంతే ఉంటుంది. పలక లేకుండా తొట్టి చివర కిందే చెక్క దూర్చారంటే అడుగు అద్దం పగులుతుంది, ఇల్లంతా నీళ్ళే. పైచివర లోతు 10 సెం.మీ. వచ్చేదాకా నీళ్ళు పోయండి. అక్కడినుంచి 10 సెం.మీ. దూరంలో అడ్డంగా ప్లాస్టిక్ షీటు నిలపండి, అంచులకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి. షీటు నుంచి ప్రతి 10 సెం.మీ.కూ అద్దం మీద గీత పెట్టండి.

షీటు వెనక సుమారు 3 లీటర్లు పడతాయి. దానికి 120 గ్రాముల బంకమట్టి, 60 గ్రాముల సన్న ఇసుక. పలమనేరు కుమ్మరులు వాడేలాంటి చెరువు మట్టి బాగా పనికొస్తుంది. ఎండబెట్టి, దంచి, వస్త్రగాళితం పట్టండి. స్వర్ణముఖి ఇసుకైతే టీ వడకట్టే జల్లెడలోంచి దిగినదే తీసుకోండి. మట్టీ ఇసుకా కలిపి లీటరుకు 60 గ్రాములు పడినా, అది తోసేసిన నీటి బరువు పోగా మిగిలే అదనపు బరువు 37 గ్రాములే. పరుగంతా ఆ 37 గ్రాముల చలవే.

ఫోన్‌లో వీడియో పెట్టి, గరిటెతో అడుగంటా కలిపి, ఆపిన మూడు సెకన్లలోపు షీటును నిటారుగా, ఒక్క ఊపులో లాగేయండి. ఆలస్యమైతే ఇసుక అక్కడే కూర్చుంటుంది. రెండు వైపులా నీటిమట్టం ఒకటిగా లేకపోతే ముందు అలే పరుగెత్తుతుంది, మీరు కొలిచేది దాన్నే.

అద్దానికి ముఖం ఆనించి చూడండి. ముందుభాగం పాము పడగలా ఉంటుంది. ముక్కు నేలకు కొంచెం పైన తేలుతుంది, వెనక బురద సుడులు తిరుగుతూ తేటనీటిని లోపలికి లాక్కుంటుంది.

10 సెం.మీ. గీత నుంచి 40 సెం.మీ. గీతకు మూడు నాలుగు సెకన్లు పడుతుంది, అంటే సెకనుకు దాదాపు 9 సెం.మీ. మట్టి రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, సుమారు 1.4 రెట్లే, వర్గమూలం లెక్క. వేగం బాగా తగ్గిందంటే నాకు మొదటి అనుమానం బోరునీళ్ళ మీదే. ఉప్పు, సున్నం ఎక్కువుంటే మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, ముద్దలై దిగిపోతాయి. వాననీళ్ళతో మళ్ళీ చేయండి.

కడలిలో గీతలు గీసేవాళ్ళు లేరు, కేబుళ్ళే గీతలు. 1929 నవంబర్ 18న కెనడా తూర్పు తీరపు న్యూఫౌండ్‌లాండ్ దక్షిణాన భూకంపం వచ్చాక 12 టెలిగ్రాఫ్ కేబుళ్ళు తెగాయి. దగ్గరివి వెంటనే, కిందివి ఒకదాని తర్వాత ఒకటి. చివరిది 13 గంటల 17 నిమిషాలకు. తెగిన వేళలనూ దూరాలనూ కలిపి 1952లో అమెరికా శాస్త్రవేత్తలు హీజెన్, యూయింగ్ వేగం తేల్చారు. వాళ్ళ పద్ధతి మన వీడియో పద్ధతే.

అభ్యాసం: 2020 జనవరిలో ఆఫ్రికాలోని కాంగో నది ముందు కడలి అడుగున ఉన్న లోయలో ఇలాంటి ప్రవాహం 1100 కిలోమీటర్లకు పైగా పోయి ఇంటర్నెట్ కేబుళ్ళు తెంపింది. సెకనుకు 6 మీటర్లనుకుంటే 1100 కిలోమీటర్లకు ఎన్ని గంటలు? (సుమారు 51.) నిజానికి దాని వేగం కిందికి పోయేకొద్దీ పెరిగింది, దారిలో మట్టిని లేపుకుంటూ పోయింది కాబట్టి. మన తొట్టి అడుగు అద్దం, లేపడానికి ఏమీ లేదు.

తొట్టిని రెండు రోజులు కదపకండి. తేటనీటిని సన్న ట్యూబుతో మెల్లగా తీసేయండి, మిగిలిన బురదను పారబోయొద్దు. 5వ పాఠంలో జ్యూస్ స్ట్రా గుచ్చి పొరలు తీయబోయేది అందులోంచే.